క్రిమి లేని జ్వరం

"చచ్చినవాడి ఒంట్లో క్రిమి లేదు ఒదీల్," అన్నాడు డాక్టర్ క్లేరూ ఫోన్లో. "ఒక్కటంటే ఒక్కటి లేదు."

వెర్లావ్ మందుల ఫ్యాక్టరీ గేటు ముందు కారాపుకుని వింటోంది సార్జెంట్ ఒదీల్ బెర్జ్‌రాన్. బయట సన్నగా మంచు పడుతోంది. చేతిలో కాగితం కప్పు, అందులో తాగకుండా చల్లారిపోయిన కాఫీ.

"మరి ఆ జ్వరం?"

"అదే చెప్తున్నా. ఒళ్ళు కాలిపోయింది, రక్తపోటు పడిపోయింది, కిడ్నీలు ఆగిపోయాయి. ఆస్పత్రిలో అందరూ రక్తంలో క్రిములు చేరాయనే అనుకున్నారు. నేనూ అదే అనుకుని రక్తం తీసి పెంచడానికి పెట్టాను. ఏమీ మొలవలేదు. క్రిమి లేదు గానీ క్రిమి తాలూకు తోలు మాత్రం గుట్టలుగా ఉంది."

"తోలేమిటి డాక్టర్? నాకర్థమయ్యేట్టు చెప్పు."

"బాక్టీరియా పైన గోడ ఉంటుంది. ఆ గోడ ముక్కలు. ఎవరో బాక్టీరియాని బయటే పిండి పిండి చేసి, ఆ నీళ్ళని ఇతని ఒంట్లోకి ఎక్కించారు. శత్రువు లోపలికి వచ్చేశాడనుకుని ఒళ్ళు తనని తనే తగలబెట్టుకుంది. సూది పడ్డ గంటా గంటన్నరకి వణుకు మొదలై ఉంటుంది. కుడి తొడ వెనక గుర్తు కూడా దొరికింది."

"అంటే హత్య."

"హత్యే." అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు. "ఇలాంటి రక్తం నా సర్వీసులో ఇంకొక్కసారే చూశాను. రెండేళ్ళయింది. తొమ్మిదేళ్ళ పాప. అప్పుడూ క్రిమి దొరకలేదు. ఏదో తెలియని వైరస్ అని సరిపెట్టారు. ఆ పాప పేరు ఫ్లవీ. ఫ్లవీ ద్యుఫూర్."

ఒదీల్ కాఫీ కప్పు పక్కన పెట్టేసింది. ఆ ఇంటిపేరు నిన్ననే విన్నది. ఇదే ఫ్యాక్టరీ ఉద్యోగుల్లో.

చనిపోయినవాడు గాస్తాన్ ప్రేవో. ఫ్యాక్టరీలో ఉత్పత్తి అంతా అతని చేతి మీదే జరిగేది. సోమవారం పొద్దున డ్యూటీ బట్టలు మార్చుకుంటూ, "ఎవడ్రా నా ప్యాంటులో పిన్ను వదిలేశాడు?" అని నవ్వాడు. మధ్యాహ్నం భోజనాల దగ్గర సూప్ చెంచా చేతిలో నిలవనంతగా వణికాడు. మర్నాడు సాయంత్రానికి ఆస్పత్రి మంచం మీద పోయాడు. ఒదీల్ కింద పనిచేసే కానిస్టేబుల్ జోయెల్ బట్టలు మార్చుకునే గది చెత్తబుట్టలో, వాడిపారేసిన గ్లవ్స్ అడుగున ఒక సిరంజి పట్టుకున్నాడు. అందులో మిగిలిన చుక్కని పరీక్షించిన రిపోర్టు ఇప్పుడు ఒదీల్ కోటు జేబులో ఉంది.

గేటు దగ్గర ఆమె కోసం ఒకడు కాచుకుని ఉన్నాడు. ఖరీదైన నల్ల కోటు, దువ్విన జుట్టు. రెమీ వషాన్, ఫ్యాక్టరీ సెక్యూరిటీ అధికారి.

"ఒదీల్! ఇంకా ఆ డొక్కు కారేనా? కొత్తది ఇవ్వట్లేదా డిపార్ట్‌మెంటు?"

"నువ్వు మానేశాక మిగిలిన పరువుతోనే నెట్టుకొస్తున్నాం రెమీ. గేటు తియ్యి."

రెమీ నవ్వాడు. ఆ నవ్వు చూస్తే ఒదీల్‌కి ఇప్పటికీ అరచేతులు దురదపెడతాయి. ఒకప్పుడు ఇద్దరూ ఒకే యూనిట్లో చేసినవాళ్ళు. ఒదీల్‌కి పని నేర్పిన ఈవాన్ రాబెర్జ్ కూడా అక్కడే ఉండేవాడు. ఈవాన్ ఒక కేసులో దొంగ తుపాకి పెట్టి నిందితుణ్ణి ఇరికించాడని కోర్టులో ఒట్టేసి చెప్పాడు రెమీ. అది పచ్చి అబద్ధమని ఒదీల్‌కి తెలుసు, రుజువు లేదు. ఈవాన్ ఉద్యోగం పోయింది, పేరు పోయింది. ఆ ఏడాది మంచు కరిగే రోజుల్లో నడుచుకుంటూ యమస్కా నదిలోకి వెళ్ళిపోయాడు. శవం పైకి తీసినప్పుడు అతని టోపీ గడ్డకట్టి తలకి అంటుకుపోయి ఉంది. రెమీ మాత్రం పోలీసు ఉద్యోగం వదిలి, దానికి రెట్టింపు జీతంతో ఇక్కడ చేరాడు. ఏదో ఒకరోజు వీడు నా చేతిలో పడకపోతాడా అని ఆనాటి నుంచీ ఎదురుచూస్తోంది ఒదీల్.

"ప్రేవోకి ఏదో గాయమైంది, చీము పట్టింది, పోయాడు," అన్నాడు రెమీ. "కంపెనీ సంతాపం కూడా చెప్పేసింది. ఇంకా ఏం వెతుకుతావు ఇక్కడ?"

"చీము పడితే క్రిమి ఉండాలిగా. ఏదీ?"

"నన్నడిగితే? డాక్టర్నడుగు."

"అడిగే వస్తున్నా. మొదట యంత్రం గది చూస్తా. తర్వాత పైన రీసెర్చ్ ల్యాబు చూస్తా."

పై ల్యాబు అనేసరికి రెమీ చెయ్యి చటుక్కున కోటు జేబులోకి పోయింది. మరుక్షణం ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. బొటనవేలు నోట్లో పెట్టుకుని చీకాడు.

"ఏమైంది?"

"తాళంచెవులు," అన్నాడు మొహం తిప్పుకుని. "పద."

* * *

యంత్రం గదిలో చలి ఎముకల్లోకి దిగుతోంది. ఉడికీ ఉడకని ఈస్ట్ వాసన. మధ్యలో ఎద్దంత స్టీలు పంపు, దాని చుట్టూ మంచు పట్టిన గొట్టాలు. నాణ్యత విభాగం పెద్ద గిస్లేన్ మార్కోత్ ఎదురొచ్చింది. జుట్టు నెరిసిన మనిషి, మెత్తటి మాట. వచ్చీరాగానే ఒదీల్ చేతిలో ఒక పిప్పరమెంటు బిళ్ళ పెట్టింది.

"ఈ వాసనకి అలవాటు లేనివాళ్ళకి కడుపులో తిప్పుతుంది సార్జెంట్ గారూ. చప్పరించండి."

"ఇదేనా బాక్టీరియాని చంపే మిషను?"

"చంపడం కాదండీ, పగలగొట్టడం. పిల్లలు ఎదగడానికి ఇచ్చే హార్మోన్‌ని మేం బాక్టీరియా చేత తయారు చేయిస్తాం. అవి తయారు చేస్తాయి గానీ మనకివ్వవు, కడుపులోనే దాచుకుంటాయి. అందుకని ఈ పంపు వాటిని వెంట్రుక పట్టనంత సందులోంచి బలంగా తోస్తుంది. అటు తేలేసరికి ఫట్టుమని పేలిపోతాయి. లోపలిదంతా బయటికొస్తుంది."

"గోడలు?"

"గోడలు తునకలైపోతాయి. ఆ తునకలే ప్రమాదం. మందులో రవ్వంత మిగిలినా మనిషికి జ్వరం. అందుకే కడిగి, వడగట్టి, పరీక్ష చేసి గానీ ఒక్క సీసా బయటికి వదలం. ఆ పరీక్ష నా బాధ్యత." గిస్లేన్ గుండె మీద చెయ్యి వేసుకుంది. "పాపం, గాస్తాన్ లేని గదిలోకి రావాలంటేనే కాళ్ళు ఆడట్లేదు."

ఒదీల్ దాదాపు గంటసేపు పంపు చుట్టూ తిరిగింది. వంగి చూసింది, మూత తీయించి చూసింది.

"ఇందులో గాజు ఎక్కడుంది?"

"గాజా? అంతా స్టీలేనండీ."

"మరి ఆ సిరంజిలో గాజు ఎక్కడి నుంచి వచ్చింది?" ఒదీల్ రెమీ వైపు తిరిగింది. "మైదా కంటే మెత్తని గాజు పొడి. పైగా ఈ రాక్షసికి బిందెలకి బిందెలు పొయ్యాలి, నడపాలంటే ఇద్దరు ముగ్గురు నిలబడాలి. హంతకుడికి కావల్సింది గ్లాసెడు. సన్నటి గాజు పూసలతో గిరగిరా తిప్పి బాక్టీరియాని నలగ్గొట్టే చిన్న మిషన్లు ఉంటాయట కదా. పూసలు ఒకదానికొకటి రాసుకుని పొడి రాలుతుందట. అలాంటిది మీ దగ్గరుందా?"

గిస్లేన్ నోరు తెరవబోయింది. రెమీ ముందే అందుకున్నాడు. "ఉండేది. ఎప్పుడో పాతసామాన్లలో పడేశాం."

"ఎప్పుడో అంటే?"

"గుర్తులేదు. నేను సెక్యూరిటీ చూస్తానమ్మా, సామాను కాదు."

"గుర్తులేదు అనడం నీకు కోర్టులోనే బాగా కుదిరేది," అంది ఒదీల్. "పైకి నడు."

* * *

పై అంతస్తులో చిన్న ల్యాబు. కిందే కలిసిన జోయెల్ వాళ్ళ వెనకే వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. కిటికీ కింద పొడుగాటి బల్ల. బల్ల మీద సీసాలు, త్రాసులు, గ్లవ్స్ డబ్బాలు కిక్కిరిసి ఉన్నాయి గానీ ఒకచోట మాత్రం మూరెడు జాగా ఖాళీగా తళతళలాడుతోంది. నాలుగు మూలలా నాలుగు గుండ్రటి రబ్బరు కాళ్ళ మచ్చలు. వెనక గోడ నుంచి చల్లనీళ్ళ గొట్టం ఒకటి వేలాడుతోంది. దాని మొన కొత్తగా కోసినట్టుంది. చివర ఒక చుక్క ఊరి, వేలాడి, టప్పున పడింది.

"ఎప్పుడో పారేసిన మిషను గొట్టం ఇంకా కారుతోంది రెమీ."

గది వెచ్చగా ఉన్నా రెమీ కోటు బొత్తాలు మెడదాకా పెట్టుకున్నాడు.

ఒదీల్ బల్ల కింద మోకాళ్ళ మీద కూర్చుని అరచేతిని నేలకి అద్దింది. పైకెత్తి కిటికీ వెలుగులో చూసింది. బొంబాయి రవ్వలాంటి గుండ్రటి గింజలు చర్మానికి అంటుకుని మెరుస్తున్నాయి. వేలితో తోస్తే దొర్లాయి.

"పూసలు," అంది. "ఊడ్చినవాడికి వంగడం చేతకాలేదు. ఎక్కడ పెట్టావు ఆ మిషను?"

"నీ దగ్గర వారెంటు ఉందా?"

"హత్య కేసులో సాక్ష్యం మాయం చేసినవాడు వారెంటు అడుగుతున్నాడా? ఇంకోసారి అడుగు, జోయెల్ కూడా వింటాడు."

"నేను కంపెనీ ఆస్తిని ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చాను. అంతే! దాన్ని హత్యకి ముడిపెట్టి నా మీద పాత కసి తీర్చుకోవాలని చూడకు. ఈవాన్ వాడి ఖర్మకి వాడు పోయాడు."

ఒదీల్ లేచి నిలబడింది. మెల్లగా అతని దగ్గరకు నడిచింది. ఎంత దగ్గరకంటే, అతని నుదుటి మీద ఊరుతున్న చెమట బిందువులు లెక్కపెట్టగలిగేంత.

"ఆ పేరు నీ నోట్లోంచి రానివ్వకు," అంది తగ్గు గొంతుతో. "నా కసి సంగతి నాకు బాగా తెలుసు. రోజూ అన్నం పెట్టి పెంచుతున్నాను దాన్ని. నువ్వు మిషను ఎవరి కోసం దాచావో చెప్పు."

"నా కోసమైతే కాదు," అంది వెనక నుంచి ఒక ఆడగొంతు.

ల్యాబు చివర గాజు తలుపుల చిన్న గది. ఆ గుమ్మంలో తెల్లకోటు వేసుకున్న స్త్రీ నిలబడి ఉంది. సన్నగా, నిటారుగా ఉంది. నిద్ర లేక కళ్ళ కింద నీలంగా కమిలిపోయింది.

"నేను లిసాన్ ద్యుఫూర్‌ని. ఈ ల్యాబు నాది. ఆ మిషను కూడా నాదే. రండి సార్జెంట్, కూర్చుని మాట్లాడుకుందాం."

* * *

ఒదీల్ ఆమెకి ఎదురుగా కూర్చుంది. రెమీ పిలవకపోయినా లోపలికొచ్చి తలుపుకి ఆనుకుని నిలబడ్డాడు. జోయెల్ గాజు అవతల కాపలా ఉన్నాడు.

"ఫ్లవీ మీ పాపేనా?"

ఆ పేరు వినగానే లిసాన్ మొహంలో ఏదో బిగుసుకుంది. "నా పాపే. తన ఈడు వాళ్ళ భుజాల దాకా కూడా వచ్చేది కాదు. బడిలో పొట్టి బుడంకాయ అనేవాళ్ళు. నేను పనిచేసే చోట తయారయ్యే మందే కదా, మా అమ్మ చేసిన మందు అని అందరికీ గొప్పగా చెప్పుకునేది. నా చేత్తోనే సూది వేశాను. మధ్యాహ్నానికి వణికింది. మర్నాటికి లేదు."

"లిసాన్, నోరు మూసుకో. లాయరు లేకుండా ఒక్క ముక్క మాట్లాడకు," అన్నాడు రెమీ.

"ఎవరి మంచి కోసం? నాదా, కంపెనీదా?" లిసాన్ అతని వైపు చూడనైనా లేదు. "సార్జెంట్, మొదట్లో నేనూ వైరస్ అనే నమ్మాను. పోయిన చలికాలం పాప పుస్తకాల అరలో, తనకి వేసిన బాచ్‌లోదే ఇంకో సీసా మూత తీయకుండానే దొరికింది. పరీక్ష చేశాను. నిండా గోడ ముక్కలు. మందు కాదది, పగలగొట్టిన బాక్టీరియా కడుగు."

"అప్పుడు పోలీసుల దగ్గరికి రాలేదేం?"

"వచ్చి? తెలియని వైరస్ అని కాగితం రాసిచ్చిన వాళ్ళ దగ్గరికా?"

ఒదీల్ నోటుబుక్కు తీసింది.

"సోమవారం బట్టలు మార్చుకునే గదిలో మీరున్నారా?"

"ఉన్నాను. తల మీద టోపీ, మూతికి మాస్కు, ఒంటి మీద తెల్ల చొక్కా. అందరం ఒకేలా ఉంటాం. అతని వెనక నుంచి వెళ్ళాను." లిసాన్ గొంతు ఎక్కడా తొణకలేదు. "నా పాప ఒంట్లో ఏం పోశాడో అదే పోశాను. మా బాక్టీరియానే పెంచాను. నా మిషన్లోనే తిప్పాను. ఒక్కటి కూడా బతికి ఉండకూడదని ఆగి ఆగి తిప్పాను. చిక్కటి ద్రవం మొదట జిగురుగా సాగింది. తర్వాత నీళ్ళలా పలచబడింది. తిప్పుతున్నంతసేపూ ఫ్లవీ పేరే అనుకుంటూ ఉన్నాను. నాకు పశ్చాత్తాపం లేదు సార్జెంట్. రాసుకోండి."

తలుపు వైపు నుంచి టకటకమని చిన్న శబ్దం వినపడింది. ఒదీల్ తల తిప్పింది.

రెమీ పళ్ళు. తలుపుకి ఆనుకున్న మనిషి ఆకులా వణుకుతున్నాడు. పెదవులు బూడిద రంగులోకి తిరిగాయి.

"చలి," అన్నాడు. "జలుబు చేసింది. పొద్దున్నించీ..."

లిసాన్ అతన్ని పైకీ కిందికీ చూసింది. ఆమె కళ్ళు అతని బొటనవేలి మీద, అక్కడి నుంచి కోటు జేబు మీద ఆగాయి.

"నేను రెండు నింపాను సార్జెంట్," అంది. "ఒకటి ప్రేవోకి. రెండోది నాకు. పని అయిపోయాక నేనూ నా పాప వెళ్ళిన దారినే పోదామనుకున్నాను. ఇవాళ పొద్దున చూస్తే ఫ్రిజ్‌లో లేదు. ఎవరు తీశారో ఇప్పుడు తెలిసింది. జేబులో మూత ఊడినట్టుంది."

రెమీ చెయ్యి అప్రయత్నంగా జేబు మీద పడింది, మళ్ళీ భయంతో వెనక్కి పోయింది.

ఒదీల్ చప్పున లేచి, తలుపు తీసి జోయెల్ చెవిలో నాలుగు ముక్కలు చెప్పింది. అంబులెన్సు. సామాను లిఫ్టు దగ్గరికి. చప్పుడు చెయ్యకుండా. అతను పరిగెత్తాడు. ఆమె తిరిగొచ్చి తలుపు మూసి, దానికి వీపు ఆనించి నిలబడింది. రెమీ నేల మీదకి జారి కూర్చున్నాడు.

"ఆస్పత్రికి... ఒదీల్, ఆస్పత్రికి ఫోన్ చెయ్యి."

"ఎందుకు? జలుబేగా."

"నీకు దణ్ణం పెడతాను! సిరంజి నా దగ్గరే ఉంది. గుచ్చుకుంది. చాలా? ఒప్పుకున్నాను!"

ఎన్ని రాత్రులు కలగన్నది ఈ క్షణాన్ని! వీడు ఇలా కాళ్ళ దగ్గర పడి ఏడవాలని, ఈవాన్ గురించి నిజం కక్కాలని. అడిగితే ఇప్పుడు చెప్పేస్తాడు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎదురుగా, చేతులు ఒళ్ళో పెట్టుకుని, కూతురి పేరు తప్ప ఇంకేమీ మిగలని తల్లి కూర్చుని ఉంది. ఒదీల్ ఆ మాట మింగేసింది.

"ఆ మిషను ఎందుకు దాచావు? లిసాన్ మీద ప్రేమతోనా?"

"మిషను దొరికితే లిసాన్ దొరుకుతుంది. లిసాన్ దొరికితే పాప సంగతి బయటికొస్తుంది. బాచ్ సంగతి... కంపెనీ మునిగిపోతుంది."

"ఆ బాచ్ చెడిపోయిందని తెలిసీ బయటికి పంపిందెవరు?"

"ప్రేవో..."

"అబద్ధం చెప్పే ఓపిక ఇంకా ఉందన్నమాట. నేనూ కూర్చుంటాను, తొందరేం లేదు." కుర్చీ లాగి నిజంగానే కూర్చుంది.

రెమీ వెక్కుతూ తల అడ్డంగా ఊపాడు. "కాదు. ప్రేవో ఆపమన్నాడు. వడపోత పాడైంది, ఒక్క సీసా కూడా కదలడానికి వీల్లేదని గొడవ చేశాడు. పరీక్షకి మంచి బాచ్ నుంచి నమూనా తెచ్చి పెట్టింది గిస్లేన్. పంపెయ్యమన్నదీ గిస్లేనే. పాప పోయాక ప్రేవో నోరు మూయించింది నేను. వాడి కొడుకు పాత కేసొకటి నా చేతిలో ఉంది. అది తీస్తానన్నాను, భయపడి ఊరుకున్నాడు. పోయినవారం వచ్చి, ఇక నావల్ల కాదు, నిజం చెప్పేస్తాను అన్నాడు. నేను గిస్లేన్‌కి చెప్పాను. అంతే, ఒట్టు. అంతే నేను చేసింది."

లిసాన్ లేచి నిలబడింది. కుర్చీ వెనక్కి పడిపోయింది.

"ఏమన్నావు?"

"ప్రేవో ఆపమన్నాడు," అని గొణిగాడు రెమీ.

"నాకు చెప్పింది గిస్లేనే," అంది లిసాన్, ఎవరితోనూ కానట్టు. "సీసా తీసుకుని ఆమె దగ్గరికే పరిగెత్తాను. ఏమీ పట్టనట్టు అప్పుడు నన్ను ఇంటికి పంపేసింది. పోయిన శుక్రవారం తనంతట తనే వచ్చింది. నన్ను కౌగిలించుకుని ఏడ్చింది. ఇన్నాళ్ళూ చెప్పలేకపోయాను, ఇదంతా ప్రేవో పని అంది. అమ్మ మీద ఒట్టేసింది."

శుక్రవారం. ప్రేవో నోరు విప్పుతానన్న వారమే. గిస్లేన్ సిరంజి ముట్టుకోలేదు, మిషను ముట్టుకోలేదు. ఒక తల్లి కడుపుకోతని గురిపెట్టి వదిలింది.

బయట చక్రాల చప్పుడు. స్ట్రెచర్ తోసుకుంటూ అంబులెన్సు మనుషులు, వెనక జోయెల్, అందరికంటే ముందు దారి చూపిస్తూ గిస్లేన్.

"అయ్యో రెమీ! ఏమైంది నాయనా?" అంటూ లోపలికొచ్చింది. "సార్జెంట్ గారూ, ఇతనికి ఎవరూ లేరు. ఆస్పత్రికి తోడుగా నేను వెళ్తాను."

"ఫ్లవీకి తడిగుడ్డ వేసింది నువ్వే కదూ," అంది లిసాన్.

గిస్లేన్ ఆగిపోయింది.

"ఆ రోజు మా ఇంటికొచ్చావు. నేను డాక్టరుకి ఫోన్ చేస్తుంటే దాని నుదుటి మీద గుడ్డ నువ్వే మార్చావు. ఆంటీ, నాకు తగ్గుతుందా అని అది నిన్నే అడిగింది. ఒంట్లో ఏముందో నీకు తెలుసు. తెలిసీ, తగ్గుతుంది బంగారం అన్నావు."

కిందపడి వణుకుతున్న రెమీని చూసింది గిస్లేన్. మొహంలో మెత్తదనమంతా ఇగిరిపోయింది. "ఆ బాచ్ ఆపితే ఫ్యాక్టరీ మూతపడేది లిసాన్," అంది చివరికి. "ఎంతమంది బతుకులో ఆలోచించు. ఒక్క పాపకి అలా అవుతుందని ఎవరనుకున్నారు?"

లిసాన్ చెయ్యి బల్ల మీది కత్తెర వైపు పోయింది. ఒదీల్ ఆ మణికట్టుని గాలిలోనే పట్టుకుంది. ఒక్క క్షణం ఇద్దరి బలమూ ఆ చేతిలో పెనుగులాడింది. తర్వాత లిసాన్ చెయ్యి చచ్చుబడిపోయింది.

"ఈమెని కోర్టుకి వదులు," అంది ఒదీల్ ఆమె చెవి దగ్గర. "నన్ను నమ్ము. ఒకడి విషయంలో నేనూ ఇంతకాలం చెయ్యి ఆపుకున్నాను."

గిస్లేన్ చేతులకి జోయెల్ సంకెళ్ళు వేశాడు. రెమీని స్ట్రెచర్ మీదకెక్కించారు. అంబులెన్సు మనిషి అతని నాడి చూసి, సమయానికే పిలిచారు మేడమ్, బతుకుతాడు అన్నాడు.

రెమీ తలెత్తి ఒదీల్‌ని చూశాడు. "ముందే... పిలిచేశావా?"

"ముందే. నువ్వు చావడానికి వీల్లేదు రెమీ. బోనులో నిలబడి ఇదంతా మళ్ళీ చెప్పాలి. అది అయ్యాక ఈవాన్ సంగతి మాట్లాడుకుందాం, తీరిగ్గా."

* * *

లిసాన్ తనంతట తనే చేతులు చాపింది. ఒదీల్ ఆమె తెల్లకోటు విప్పించి, సంకెళ్ళు వేసి, కోటుని వాటి మీద కప్పింది. మెట్లు దిగుతుంటే లిసాన్ రెయిలింగు పట్టుకోవాలని చూసింది, కుదరక తూలింది. ఒదీల్ మోచెయ్యి పట్టుకుంది. ఆమె ఏడవడం లేదు. పెదవులు మాత్రం కదులుతున్నాయి. దగ్గరికి వంగితే వినపడింది. "ఆపమన్నాడు. ఆపమన్నాడు."

కింద హాల్లో బెంచీ మీద ఒకావిడ కూర్చుని ఉంది. నల్ల కోటు, ఒళ్ళో అట్టపెట్టె. పెట్టెలో ఒక జత బూట్లు, కాఫీ మగ్గు, చిన్న రేడియో. వీళ్ళని చూసి లేచింది.

"మేడమ్ ప్రేవో," అని ఒదీల్ చెవిలో గొణిగాడు జోయెల్. "భర్త సామాను కోసం వచ్చింది. ఎవరు చేశారో ఇంకా తెలియదు."

ఒదీల్ లిసాన్‌ని వెనక తలుపు వైపు తిప్పబోయింది. ఆలస్యమైపోయింది. ఆవిడ పెట్టె పక్కన పెట్టి ఎదురుగా వచ్చేసింది.

"మీరు లిసాన్ కదమ్మా? ఫొటోలో చూశాను. ఆయన ఈ శనివారం మీ ఇంటికే రావాలనుకున్నారు." "మీ పాప గురించి మీకు ఏదో చెప్పాలట. ఆ పిల్ల తల్లి కాళ్ళ మీద పడతాను, ఇక నేను నిద్రపోలేను అన్నారు. ఏమిటో నాకు చెప్పలేదు. రెండేళ్ళుగా రాత్రిపూట లేచి కూర్చునేవారు."

లిసాన్ పెదవుల కదలిక ఆగిపోయింది.

"ఎవరో చంపారని పోలీసులంటున్నారు," అంది ఆవిడ. "ఆయన్ని ఎవరు చంపుతారమ్మా? మీరు ఆయనతో పనిచేశారు. మీకేమైనా తెలుసా?"

ఒదీల్ ఇద్దరి మధ్యకీ అడుగు వేసింది. లిసాన్ ఆమెని భుజంతో మెల్లగా పక్కకి తప్పించి, చేతులు పైకెత్తింది. మీద కప్పిన తెల్లకోటు జారి నేల మీద పడింది.